ఏ సున్నా నుంచి

మా పిన్నిని ఆఫీసులో అందరూ ‘ఎక్కడినుంచి గారు’ అనేవాళ్లు. ఎదురుగా కాదు, ఆవిడ గది గుమ్మం దాటాక. నీటి లోతు ఇంత అని ఎవరైనా కాగితం తెచ్చి బల్ల మీద పెడితే ఆవిడ మొదట అడిగేది ఆ మాటే. ఎక్కడి నుంచి కొలిచారు? ఒడ్డు ఇంత మేర కోసుకుపోయింది అంటే, ఎక్కడి నుంచి? కొత్తగా చేరిన గుమాస్తా ఒకతను రెండు రోజులు సెలవు కావాలని వస్తే, పొద్దుటి నుంచా, మధ్యాహ్నం నుంచా అని అడిగిందట. అతను ఆ సంగతి క్యాంటీన్‌లో చెప్పి వారం రోజులు అందరినీ నవ్వించాడు. పిన్నికి ఈ పేరు తెలుసు. తెలిసీ ఊరుకునేది.

ఆ అలవాటు ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎలా వచ్చిందో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. నేను ఆవిడ అక్క కూతుర్ని. నాన్న పోయి రెండేళ్లయింది. ఇప్పుడు చెప్పినా ఆయన నొచ్చుకోడు కాబట్టి చెబుతున్నాను.

నాన్న లాంచీ సరంగు. మా ఏరు సముద్రంలో కలిసే చోట, మొగ దగ్గర, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జనాన్ని దాటించేవాడు. ఆస్పత్రి, కాలేజీ, కోర్టు అన్నీ అవతలి ఒడ్డున. మేము ఇవతల. పిన్ని మొగ కొలతల ఆఫీసులో టైపిస్టు. అమ్మ కంటే ఆరేళ్లు చిన్న. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఎవరూ రెండోసారి అడగలేదు అనేది. మా ఇంటిని ఆనుకునే ఉన్న రెండు గదుల వాటాలో ఉండేది. వెనక గోడలో నాలుగు ఇటుకలు ఊడిపోయి ఒక కంత ఏర్పడింది. కూర గిన్నెలు, వార్తాపత్రిక, నా లెక్కల పుస్తకం అన్నీ ఆ కంతలోంచే అటూ ఇటూ తిరిగేవి.

కొలతల ఆఫీసు పనేమిటంటే, మొగలో ఇసుక ఎక్కడ మేట వేసిందో, దాని మీద నీళ్లెంత ఉన్నాయో చూసి పొద్దున ఎనిమిదికల్లా రేవు బోర్డు మీద కాగితం అంటించడం. ఆ కాగితం టైపు చేసేది పిన్ని. అందులో రెండే అంకెలు ముఖ్యం. మొదటిది మేట మీద లోతు. ఏడాది మొత్తం మీద నీళ్లు బాగా దిగిపోయిన రోజున ఎక్కడుంటాయో దాన్ని సున్నా అనుకుని, అక్కడి నుంచి మేట ఎంత కిందికి ఉందో చెప్పే అంకె అది. రెండోది నీటి మట్టం. ఆ సున్నా మీద పోటు నీరు ఇవాళ తొమ్మిదింటికి ఎంత ఎత్తున ఉంటుందో చెప్పేది. రెండూ కలిపితే మేట దగ్గర మొత్తం నీళ్లెంతో తేలుతుంది. నాన్న బోర్డు ముందు నిలబడి, పెదవులు కదుపుతూ కూడుకుని, ఇంజను దగ్గర మనిషికి చేత్తో సైగ చేసేవాడు. నిండా జనం ఎక్కితే లాంచీ అడుగు నీళ్లలోకి నూట ముప్పై అయిదు సెంటీమీటర్లు దిగేది. అంతకంటే నీళ్లు ఎక్కువుండాలి. లెక్క అంతే.

నాకు పదకొండేళ్లప్పుడు పెద్ద వరద వచ్చింది. తొమ్మిది రోజులు లాంచీ ఆపేశారు. వరద తీశాక చూస్తే మేట ఉన్నచోట లేదు, ఉత్తరానికి జరిగింది. నీళ్ల ఎత్తు చూడడానికి ఆఫీసువాళ్లు మొగలో పాతిన కొలబద్ద స్తంభంతో సహా కొట్టుకుపోయింది. కొత్తది పాతడానికి నెల పడుతుందన్నారు. అంతదాకా ఓడరేవు వాళ్లకు ఫోను చేసి, వాళ్ల నీటి మట్టమే వేసేయమని సూపరింటెండెంటు పిన్నికి చెప్పాడు. ఓడరేవు మొగకు కూతవేటు దూరంలోనే ఉంది. నీళ్లు అవే. పిన్ని ఫోను చేసింది. అవతలి గుమాస్తా, నీటి మట్టం నూట నలభై అన్నాడు. పిన్ని ‘నీటి మట్టం’ అన్న గడిలో నూట నలభై అని టైపు చేసింది. పై గడిలో లోతు, కొత్తగా కొలిచింది, యాభై.

నాన్న కూడుకున్నాడు. నూట తొంభై. లాంచీకి కావలసినదాని కంటే అర మీటరు పైనే ఉన్నాయి.

తొమ్మిది రోజుల తర్వాత మొదటి ట్రిప్పు కాబట్టి లాంచీ నిండిపోయింది. గాలి కొద్దిగా ఉంది, భయపడేంత కాదు. దారి చూపడానికి ఒడ్డున పాతిన గుర్తు కర్రల వరస పట్టుకుని వెళ్లి సరిగ్గా మేట మీదికి వచ్చేసరికి అడుగు ఇసుకను పట్టింది. కదలకుండా నిలిచిపోయిన లాంచీని పక్కనుంచి వచ్చిన అల ఒరిగించింది. జనం బెదిరి ఒకే పక్కకు వచ్చారు. ఆ తర్వాతి అల తిరగేసింది. ఒడ్డున ఉన్న పడవలవాళ్లు నిమిషాల్లో చేరుకుని ముప్పై ఎనిమిది మందిలో ముప్పై అయిదు మందిని బయటికి తీశారు. డ్యూటీకి వెళ్తున్న నర్సు, కోర్టు వాయిదాకు బయల్దేరిన ముసలాయన, కాలేజీలో చేరడానికి సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని ఎక్కిన అమ్మాయి, ఈ ముగ్గురూ దక్కలేదు. నాన్న రెండుసార్లు లోపలికి మునిగాడు. మూడోసారి ఆయన్నే పైకి లాగాల్సి వచ్చింది.

విచారణ నలభై రోజులు సాగింది. కొలతల ఆఫీసు తన పుస్తకం చూపించింది. లోతు యాభై, మళ్లీ కొలిచినా యాభయ్యే. ఓడరేవు తన పుస్తకం చూపించింది. మట్టం నూట నలభై, యంత్రం భేషుగ్గా పనిచేస్తోంది. రెండు ఆఫీసులూ ఒప్పే కాబట్టి తప్పు సరంగుదే అయి ఉండాలి. గుర్తు కర్రల వరస తప్పి నడిపాడని రాశారు. నువ్వేమంటావని నాన్నను అడిగితే, నాకు తెలిసి తప్పలేదండి అన్నాడు. ‘నాకు తెలిసి’ అన్న ఆ ఒక్క ముక్క ఆయన కొంప ముంచింది. లైసెన్సు రద్దు చేశారు.

తర్వాత ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పని దొరికింది. వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసుకునేవాడు. ఇంట్లో మాట బాగా తగ్గిపోయింది. వీధిలో నడుస్తూ నడుస్తూ ఆగి వెనక్కి తిరిగి చూసేవాడు. లాంచీ నడిపేటప్పుడు వెనకనున్న గుర్తు కర్రలు ఒకదాని చాటున ఒకటి దాక్కుంటేనే వరసలో ఉన్నట్టు. ఆయన దీపస్తంభాల్ని అలా సరిచూసుకుంటున్నాడని నాకు చాలా రోజులకు గాని అర్థం కాలేదు. అమ్మ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. నీ తప్పు కాదని కూడా అనలేదు. చనిపోయిన అమ్మాయి వాళ్ల అమ్మ బజారులో కనిపిస్తే తలదించుకుని పక్క సందులోకి తిరిగేది.

ఇలా పదకొండేళ్లు గడిచాయి. నేను చదువు ముగించి ఆస్పత్రిలో మందులిచ్చే కౌంటరులో చేరాను. పిన్ని ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాయి. టైపు మిషన్లు తీసేశాక ఆవిడను ‘సమాచార గది’ అని కొత్తగా పెట్టిన విభాగానికి మార్చారు. అక్కడికి ఎక్కడినుంచో ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఆవిడకు రెండు జతల కళ్లద్దాలు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. ఎప్పుడూ నెత్తి మీదున్న వాటి కోసమే వెతుక్కునేది.

ఆ గదికి అప్పగించిన పని చెప్పడానికి చిన్నదే. కొలతల ఆఫీసు, ఓడరేవు, వాతావరణ కేంద్రం, మత్స్యశాఖ, మునిసిపాలిటీ మురుగుకాల్వల విభాగం, ఈ అయిదింటి లెక్కలూ ఒకచోటికి చేర్చాలి. పోటు, వాన, ఏటినీరు కలిసొస్తే ఏ వీధిలోకి ఎంత నీరు వస్తుందో ముందే తెలియాలి. లెక్కలన్నీ వచ్చాయి. కలిపి చూస్తే మునిసిపాలిటీ బిల్డింగు సముద్రంలో ఉన్నట్టు తేలింది.

పిన్ని ఆ రోజుల్లో సాయంత్రం ఇంటికి వచ్చి చెబుతుంటే నవ్వొచ్చేది. ‘తీరం’ అంటే కొలతల ఆఫీసుకు అతి పెద్ద పోటు వచ్చి తాకే గీత. మత్స్యశాఖకు పడవలు లాగి పెట్టే చోటు. మునిసిపాలిటీకి తమ రోడ్డు ఆగిపోయే చోటు. మత్స్యశాఖ పుస్తకంలో ‘దూరం: రెండు’ అని ఉంటే అది రెండు కిలోమీటర్లు కాదు, రెండు గంటల ప్రయాణం. వాతావరణ కేంద్రానికి రోజు పొద్దున ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. మునిసిపాలిటీ వాళ్ల ‘ఎత్తు’ ఎక్కడి నుంచి అని ఆరా తీస్తే, వాళ్ల ఆఫీసు మూడో మెట్టు మీద ఎప్పుడో ఎవరో కొట్టిన ఇనుప మేకు నుంచి అని తెలిసింది. ఆ మెట్టు మీద కూర్చుని చాయ్ తాగే పెద్దమనిషి లేస్తే గాని మేకు కనపడలేదట.

అందరూ ఒకే మాట వాడేలా సర్క్యులర్ పంపిద్దామని సూపరింటెండెంటు అన్నాడు. ఇంజనీరమ్మ ఒప్పుకోలేదు. పిన్ని ఆవిడ మాటల్ని నాకు పొల్లుపోకుండా చెప్పింది.

“మాట మార్చుకోమంటే ఎవరూ మార్చరండి. మార్చినట్టు నటిస్తారు. ఎవరి మాట వాళ్లనే ఉంచుకోమందాం. ఆ మాటకు వాళ్ల అర్థం ఏంటో, ఎక్కడి నుంచి కొలిచారో, దేంతో కొలిచారో, ఏ వేళకు కొలిచారో మనం రాసుకుందాం. ఎవరి మాట ఎవరి మాటతో సమానమో, ఏది దేంట్లో భాగమో, ఏది చూడ్డానికి ఒకటిలా ఉన్నా కాదో, అన్నీ గీతలు గీసి కలుపుదాం. ఆ గీతలు చూసి లెక్క మార్చుకోవడం మిషను చూసుకుంటుంది.”

ఈ పనికి ఆంటాలజీ అని పేరుందట. ఫైళ్లు మోసే అటెండరు ఆ మాట విని, అంటుజబ్బు కాదు కదమ్మా అన్నాడు. అంటుకుంటే మంచిదేనంది ఇంజనీరమ్మ.

పిన్నికి అంటుకుంది. ఇరవై ఏళ్లుగా ఎవరో రాసిచ్చినది టైపు చేసిన మనిషి, మాట వెనక ఏముందో అడిగే పని దొరికేసరికి ఒళ్లు మరిచిపోయింది. అయిదు ఆఫీసులకూ కాళ్లరిగేలా తిరిగింది. ‘ఒడ్డు’ అన్న మాట మీద ఓడరేవు అధికారి, మత్స్యశాఖ అధికారి రెండు గంటలు వాదించుకుని, చివరికి ఒకరు చెప్పేది ఏటి ఒడ్డు, ఒకరు చెప్పేది సముద్రపు ఒడ్డు అని తెలిసి బిత్తరపోయారు. పిన్ని రెండు ఒడ్లకూ రెండు నంబర్లు ఇచ్చి ఇంటికి వచ్చింది. పట్టికలో ‘ఎక్కడి నుంచి’ అనే గడి ముందే ఉన్నా, అది ఖాళీగా ఉన్న కాగితం దేన్నీ తీసుకోకూడదని పట్టుబట్టింది ఆవిడే. ఆ పేరు అప్పుడు వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఇంజనీరమ్మ రెండు గీతలు తెరమీద గీసింది. ఒకటి మొగలో తర్వాత పాతిన కొలబద్దది, ఇంకొకటి ఓడరేవుది. అదే నెల, అవే రోజులు. గీతలు రెండూ ఒకేలా లేస్తున్నాయి, ఒకేలా పడుతున్నాయి. ఓడరేవుది మాత్రం ఎప్పుడూ పైన ఉంది. ఏ గంటకు చూసినా తేడా అరవై రెండు సెంటీమీటర్లు, మహా అయితే ఒకటి అటూ ఇటూ. ఇంజనీరమ్మ సంతోషపడింది. నీళ్లు ఒకటే, సున్నాలు వేరు, ఎంత శుభ్రంగా తేలిందో చూడండి అంది. పిన్ని, ఓడరేవుకు వెళ్లి చూసి వస్తానని లేచింది.

జెట్టీ చివర ఓడల తాళ్లు కట్టే మనిషి ఆవిడను మెట్ల దాకా తీసుకెళ్లి నీళ్లలోకి చూపించాడు. నీళ్లు దిగి ఉన్నాయి. నాచు పట్టిన రాతి స్తంభం మీద గీతలు చెక్కి ఉన్నాయి. అన్నిటికంటే కిందిది, స్తంభం పాదంలో, సున్నా.

“ఇది ఎప్పట్నుంచి ఇక్కడుంది?” అని పిన్ని అడిగింది.

“జెట్టీ కట్టినప్పట్నుంచి ఇదేనండి. మా సున్నా ఎన్నడూ మారలేదు” అన్నాడు అతను గర్వంగా.

పిన్ని ఆ తడి మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఏమైనా నలతగా ఉందా అని అతను నీళ్లు తెచ్చిచ్చాడట. ఆఫీసుకు తిరిగి వచ్చి రికార్డుల గదిలో పాత నోటీసుల కట్టలు దింపించింది. పదకొండేళ్ల కిందటి ఆ కాగితం దొరికింది. కింద మూలన టైపు చేసినవారి పొడి అక్షరాలు, ఆవిడవే. నూట నలభైలోంచి అరవై రెండు తీసింది. డెబ్బై ఎనిమిది. దానికి యాభై కలిపింది. నూట ఇరవై ఎనిమిది. లాంచీకి కావలసింది నూట ముప్పై అయిదు. ఏడు సెంటీమీటర్లు తక్కువ. నాన్న వరస తప్పినా తప్పకపోయినా ఆ లాంచీ ఆ పూట మేట దాటేది కాదు.

మూడు రోజులు పిన్ని జ్వరమని గదిలోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందు వాకిలి గుండా మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ వెనకనుంచి పిలిచే మనిషి వీధి తలుపు తట్టేసరికి అమ్మ ఆశ్చర్యపోయింది. నాన్న పడక కుర్చీలో ఉన్నాడు. పిన్ని కూర్చోలేదు. చేతిలో రెండు కాగితాలు. చదువుతున్నట్టుగా, ఒక్క అంకె వదలకుండా అంతా చెప్పింది.

నాన్న పడక కుర్చీలో ముందుకు జరిగాడు. తర్వాత, “ఎంత తేడా అన్నావు?” అని అడిగాడు.

“అరవై రెండు, బావా.”

ఆయన పెదవులు కదిలాయి. బోర్డు ముందు నిలబడి కూడుకునేటప్పుడు కదిలినట్టే. నేను ఆ కదలికను చిన్నప్పుడు చూసిందే, మళ్లీ చూడలేదు.

“అయితే ఏడు తక్కువ” అన్నాడు. ఇంకాసేపటికి, “నేను వరస తప్పాననే అనుకున్నాను. మొదట్లో తప్పలేదని తెలుసు. అందరూ తప్పావు తప్పావు అంటుంటే, తర్వాత్తర్వాత తప్పినట్టే గుర్తొచ్చేది. కర్రలు పక్కకి జరిగి కనపడేవి” అన్నాడు.

అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పిన్నిని అడిగింది: “నీ చేత్తోనే టైపు చేశావా?”

“నా చేత్తోనే, అక్కా.”

“రెండూ ఒకటేనా అని ఒక్కమాట అడక్కపోయావా?”

“అడగాలని తెలీలేదు.”

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నాన్న, కూర్చోవమ్మా అన్నాడు. పిన్ని కూర్చోలేదు, కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లింది. మర్నాడు అమ్మ తాపీమేస్త్రీని పిలిపించి గోడలో కంత పూడ్పించింది. ఎనిమిది నెలలు చెల్లెలితో మాట్లాడలేదు. నాన్న ఎన్నోసార్లు చెప్పి చూశాడు. ఆ పిల్ల చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా అన్నాడు. అది నిజమని అమ్మకూ తెలుసు. అయినా మనసు రాలేదు. పదకొండేళ్లు తను నాన్నను మనసులో అనుమానించింది. ఆ కోపం తన మీద చూపించుకోలేక చెల్లెలి మీద పెట్టుకుందని ఇప్పుడు నాకనిపిస్తుంది.

పిన్ని తన పేరు, తేదీ వేసి పై అధికారులకు అర్జీ రాసింది. నోటీసు టైపు చేసింది నేనే, రెండు అంకెలూ రెండు సున్నాలవి, సరంగు తప్పు లేదు, విచారణ తిరిగి తెరవండి అని. సూపరింటెండెంటు ఆవిడను పిలిచి, మానిన పుండును ఎందుకు కెలుకుతారమ్మా అన్నాడు. మా ఇంట్లో మానలేదండి అంది. రెండు నెలలకు జవాబు వచ్చింది. గడువు దాటిపోయింది కాబట్టి ఫైలు తెరవడం కుదరదట. పిన్నిని శిక్షించడానికి కూడా గడువు దాటిందని అందులోనే ఇంకో వాక్యం. ఆవిడకు ఆ వాక్యం మొదటిదాని కంటే ఎక్కువ బాధ కలిగించింది.

ఇంజనీరమ్మ ఆ జవాబు చదివి, విచారణ ఫైలు వాళ్ల చేతిలో ఉంది, పట్టిక మన చేతిలో ఉంది అంది. నీటి మట్టం అనే మాట కింద ఒక గమనిక చేర్చారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఇరవై ఎనిమిది రోజులపాటు, రేవు బోర్డు మీద ఈ పేరుతో ఇచ్చిన అంకెలు మొగ సున్నా నుంచి కావు, ఓడరేవు సున్నా నుంచి. లోతుతో కలిపి వాడేముందు అరవై రెండు తీసేయాలి. అంతే ఉంది. చనిపోయినవాళ్ల ప్రస్తావన లేదు, నాన్న ప్రస్తావన లేదు. అయిదు ఆఫీసుల్లోనూ ఎవరు ఆ మాట తెరిచినా ఆ గమనిక కనపడుతుంది. నాన్న దాని ప్రింటు ఒకటి అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లైసెన్సు తిరిగి రాలేదు. వచ్చినా ఆయనకు వయసు దాటిపోయింది.

పిన్ని ఆ మూడిళ్లకూ వెళ్లింది. నన్ను తోడు రమ్మంటే వెళ్లాను. ముసలాయన ఇంట్లో కొడుకు గుమ్మంలోనే విని, సరే అని తలుపేసుకున్నాడు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మ మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, అంతా విని, నీ కూతురా అమ్మా ఈ అమ్మాయి అని నన్ను చూపించి అడిగింది. సరంగు కూతురని పిన్ని చెప్పింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. నర్సు భర్త దర్జీ. మిషను ఆపకుండానే విన్నాడు. విన్నాక ఆపాడు.

“ఇప్పుడివన్నీ నాకెందుకు చెప్తున్నారు?” అన్నాడు.

“మీరు ఇన్నాళ్లూ మా బావను తిట్టుకుని ఉంటారు. అది ఆయనకు చెందదని చెప్పడానికి వచ్చాను.”

“మరి ఎవరికి చెందుతుంది?”

“కొంత నాకు. మిగతాది ఎవరికో నాకూ తెలీలేదు. ఏ ఆఫీసుకు వెళ్లి అడిగినా వాళ్ల లెక్క సరిగానే ఉంది.”

అతను దారం తుంపి, కుట్టిన గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. ఆలోచించుకుంటానండి అన్నాడు. ఆరు నెలల తర్వాత ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి నాన్నతో పది నిమిషాలు మాట్లాడి వెళ్లాడట. ఏం మాట్లాడుకున్నారో నాన్న మాకు చెప్పలేదు.

తర్వాతి ఏడు పిన్ని నాన్నను ఆఫీసుకు రమ్మని అడిగింది. మత్స్యశాఖ వాళ్లు ఇచ్చిన మాటల్లో మొగకు సంబంధించినవి తప్పుతడకగా ఉన్నాయనీ, నీళ్ల మీద ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి కావాలనీ చెప్పింది. నాన్న మొదటి వారం కుర్చీ అంచు మీద కూర్చుని అడిగినదానికే జవాబిచ్చాడు. రెండో వారం ఇంజనీరమ్మ మేటనూ తిప్పనూ ఒకే గడిలో పెట్టబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“అమ్మా, మేట నీళ్ల కింద ఉంటది, కనపడదు. తిప్ప పైకి తేలి కనపడతది. కనపడేదానికి ఎవరైనా తప్పుకుంటారు. రెండూ ఒకటే అని రాస్తే మనుషులు పోతారు.”

ఇంజనీరమ్మ నెత్తి మీది కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని, మీరు చెప్పండి, నేను రాసుకుంటాను అంది. అలా నూట నలభై రెండు మాటలు చెప్పాడు. ఏ మాటకైనా చెప్పినవారెవరో రాసే గడి ఒకటుంది. అక్కడ ‘సరంగు’ అని పిన్ని టైపు చేస్తే, లైసెన్సు లేని మనిషిని సరంగు అని ఎలా రాస్తారని సూపరింటెండెంటు అభ్యంతరం పెట్టాడు. ఇంజనీరమ్మ పక్కన సంతకం చేసింది. ఇప్పటికీ అలాగే ఉంది.

అమ్మ మళ్లీ చెల్లెలితో మాట్లాడిన రోజు గురించి కూడా చెప్పాలి. నాన్న ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిన్నితో కలిసి నడిచి వెళ్లేవాడు. వీధిలో ఆగి వెనక్కి చూడడం తగ్గింది. ఒకరోజు సాయంత్రం ఇద్దరూ తడిసి ముద్దయి వస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, గొడుగు పట్టుకెళ్లాలని ఇద్దరిలో ఒక్కరికైనా బుద్ధి ఉండక్కర్లేదా అంది. పిన్నికి ఒక తువ్వాలు విసిరింది. పిన్ని తల తుడుచుకుంటూ చాలాసేపు ఆ తువ్వాల్లోనే ముఖం దాచుకుంది. అమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆ మాట తర్వాత ఇద్దరూ ఎత్తలేదు.

మూడేళ్లకు తుఫాను వచ్చింది. అయిదు ఆఫీసుల లెక్కలూ ఆ పూట ఒకేచోట కూడుకున్నాయి. మునిసిపాలిటీ మేకు, ఓడరేవు రాయి, మొగ కొలబద్ద, ఎవరి సున్నా వాళ్లదే, మిషను మాత్రం అన్నీ ఒకే ఎత్తుకు మార్చుకుంది. రేవు వెనక మూడు వీధుల్లోకి నడుం లోతు నీళ్లొస్తాయని పొద్దున పదకొండింటికి తేల్చింది. సాయంత్రానికల్లా ఆ వీధులు ఖాళీ చేయించారు. నీళ్లు తొడల దాకా వచ్చాయి, నడుం దాకా రాలేదు. ఎక్కువ చెప్పారని జనం తిట్టారు. పిన్ని ఆ తేడా ఎందుకొచ్చిందో కనుక్కోవడానికి వారం రోజులు తిరిగింది. ఎవరూ పోలేదన్న సంగతి నేను గుర్తు చేస్తే, అది తెలుసు, తేడా ఎందుకొచ్చిందో తెలీదు అంది.

ఆ పట్టికను తర్వాత వేరే తీరాలవాళ్లు కూడా అడిగి తీసుకున్నారు. నాన్న పోయిన ఏడాదే పిన్ని రిటైరయింది. అయినా వారానికి రెండు రోజులు ఆ గదికి వెళ్తుంది. మొన్నీమధ్య చాలా దూరంలో ఉన్న ఒక రేవునుంచి ఆవిడకు ఉత్తరం వచ్చింది. మీరు పంపిన మాటల్లో ఇరవై ఆరు మా దగ్గర మీరు రాసిన అర్థంలో లేవు, మా పడవలవాళ్లను అడిగి రాస్తున్నాం అని, ఒక్కొక్కటీ వివరంగా రాశారు. నేను వెళ్లేసరికి పిన్ని ఆ ఉత్తరం ముందు పెట్టుకుని పెన్సిలుతో గీతలు గీస్తోంది. మీవాటిలో ఇరవై ఆరు తప్పులు పట్టారా అన్నాను. తప్పులు కావే, వాళ్లవి కూడా చేర్చాలి అంది. పదిహేడో మాట దగ్గర ఆగి, వాళ్లు లోతును పడవ అంచు నుంచి కొలుస్తున్నారో, నీటి పైనుంచి కొలుస్తున్నారో రాయలేదంది. ఫోను దగ్గరికి లాక్కుని, నంబరు చదవమని ఉత్తరం నా చేతికిచ్చింది.